దువ్వుకునేది, సె పెయినాబా

స్పానిష్ వ్యాకరణంలోకి మనం ఆంగ్లం గుమ్మంలోంచే ఎందుకు వెళ్ళాలో నాకు బోధపడదు.

‘పెయినార్’ అంటే తల దువ్వడం. ‘పెయినార్‌సె’ అంటే దువ్వుకోవడం. ఆంగ్లం ద్వారా చెప్పే పాఠాల్లో ఈ ఆత్మార్థక క్రియకు ‘తనను తాను’ అన్న తోక తగిలించి తంటాలు పడతారు. మనకా అవస్థ ఏది? ‘కొను’ ఉండనే ఉంది.

ఇక అసంపూర్ణ భూతకాలం. తల్లి రోజూ కూతురి తల దువ్వేది: ‘పెయినాబా’. కూతురు పెద్దదయ్యాక తానే దువ్వుకునేది: ‘సె పెయినాబా’. ఒకనాడు దువ్వుకుంది, అంతే: ‘సె పెయినో’. దువ్వుకునేదానికీ దువ్వుకుందికీ ఉన్న తేడా మన పసిపిల్లలకు సైతం తెలుసు. పాఠ్యపుస్తకాలు పుటలకొద్దీ నేర్పేది దాన్నే!

ఇందులో ఒక తమాషా ఉంది. ఒంటరి ‘పెయినాబా’ దువ్వినది నేనో, ఆమో, అతడో చెప్పదు. ఆత్మార్థకంలో ముందు ‘మె’ చేరితే నేను. ‘సె’ చేరితే నేను కాను. అయినా స్త్రీపురుష భేదం తేలదు. మనకు ఆ పని చివరనున్న ‘వాణ్ణి’, ‘వాడు’, ‘ది’ చేసిపెడతాయి.

పోలిక అంతటా నిలవదు సుమా. ‘లెవాంతార్’ లేపడం, ‘లెవాంతార్‌సె’ లేవడం. అక్కడ ‘కొను’కు చోటు లేదు. పైగా, నేను వెళ్ళేసరికి ఆమె దువ్వుకుంటోంది అన్నా స్పానిష్‌లో ‘సె పెయినాబా’యే. ఈ మెలికలు విప్పుతూ, ‘కొను’తో మొదలుపెట్టి, స్పానిష్‌కొక తెలుగు వాచకం మనలో ఎవరైనా రాయకూడదా?