ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను

మా బావ తన 70వ పుట్టినరోజుకి వంశవృక్షం అచ్చు వేయిస్తున్నాడు. తాతయ్య పేరు కింద ఇంకో ఇద్దరు పిల్లలకి చోటు వదలమన్నాను. "ఇన్నేళ్ల తర్వాత ఆ గోలెందుకే, పరువు పోతుంది" అన్నాడు. ఆ మాటకే ఇది రాస్తున్నాను.

1971 డిసెంబరు. మేం విశాఖలో ఉండేవాళ్లం. నాకు 11 ఏళ్లు, అక్కకి 14. చీకటి పడితే దీపాలార్పేసి, కిటికీలకి నల్లకాగితాలు అంటించుకుని కూర్చునేవాళ్లం. రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన వారం అది. నాన్న మమ్మల్ని శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ గారి ఊరికి బస్సెక్కించేశారు.

అక్కడ కిటికీలకి అడ్డం కట్టడానికి పాత దుప్పట్ల కోసం అటకెక్కాం. రేకుపెట్టె అడుగున ఒక ఫోటో దొరికింది. లుంగీ కట్టుకున్న తాతయ్య, పక్కన ఒక బర్మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. వెనక "రంగూన్, 1938" అని తాతయ్య చేతిరాత.

తాతయ్య రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేశాడనీ, 1942లో జపాన్ వాళ్లొచ్చినప్పుడు అడవుల్లో నడిచి ఇల్లు చేరాడనీ మాకు గొప్పగా చెప్పేవారు. వెనక ఎవరిని వదిలి నడిచాడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అక్క అడిగేసింది. అమ్మమ్మ ఉలిక్కిపడలేదు. "వచ్చిన రోజే తెలుసమ్మా. అడవిలో అన్నీ పారేసి ఇదొక్కటే తెచ్చుకున్నాడు. ఆయన పోయాక చింపేద్దామనుకున్నాను. ఆ చిన్నదాని మొహం చూస్తే చేతులు రాలేదు" అంది.

మామయ్య ఆ ఫోటో లాక్కుని పొయ్యిలో పెట్టాడు. "ఆడాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు" అంటూ మా ఇద్దరి చేతా ఒట్టు వేయించాడు.

నానదా? 29 ఏళ్లు అమ్మమ్మ నోట్లో నానిందేమిటి మరి? వదిలేసి వచ్చింది మగాడు. దాచి ఇంటి పరువు కాపాడింది ఆడది. నోరు జారుతుందన్న నింద మళ్లీ ఆడదానికే!

"పోయినవాళ్లని తవ్వుకుని ఏం లాభం?" అంటారు. తాతయ్యని బోనులో నిలబెట్టమనడం లేదు. ప్రాణభయంతో పరిగెత్తిన మనిషికి తీర్పు చెప్పడానికి నేనెవర్ని? కానీ ఆ పిల్లలు పోయారని ఎవరు చెప్పారు? 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కాక ఎంతోమంది తెలుగువాళ్లు తిరిగొచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. ఫోటోలో ఆ చిన్నది మాకు పెద్దమ్మో పిన్నో అవుతుంది. రైతుబజారులో మా పక్కనే నిలబడి ఉల్లిపాయలు బేరమాడిందేమో ఎవరికి తెలుసు? వెతకడానికున్న ఒక్క ఆధారాన్నీ పరువు పేరు చెప్పి కాల్చేశాం.

అక్క ఆ ఒట్టుతోనే పోయింది. నేను పోను.

బావా, పేర్లు తెలియకపోతే రెండు ఖాళీ గళ్లయినా వదులు. అమ్మలూ, మీ అటక మీదా ఒక రేకుపెట్టె ఉంటే, మామయ్యలు చూడకముందే దింపండి. పక్కన ఇంకా అమ్మమ్మ ఉంటే ఇవాళే అడగండి.