ఇరవై ఎనిమిది రోజుల నెల

ఏడాదికి నెలలు ఎన్నని అడిగితే సండేస్కూలు పిల్లలు కూడా పన్నెండని చెబుతారు. సెల్‌ఫోన్‌ రీచార్జి చేయించుకునేవారికి మాత్రం అవి పదమూడు! ‘నెల ప్యాక్‌’ అనుకుని తీసుకున్నది 28 రోజులకే అయిపోతుంది కనుక ఏడాదికి పదమూడుసార్లు డబ్బు కట్టాలి. 199 రూపాయల ప్యాక్‌ అయితే పన్నెండుసార్లకు 2,388 రూపాయలు చాలు. పదమూడుసార్లకు 2,587 అవుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు, 28 రోజులని కంపెనీ రాసే ఉంచింది. మనిషి నెలలో లెక్కపెట్టుకుంటాడు, కంపెనీ వారాల్లో లెక్కపెడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

రాజన్న సిరిసిల్ల జిల్లా చందుర్తి మండలంలోనూ, అటు కోరుట్ల, జగిత్యాల పల్లెల్లోనూ గల్ఫ్‌కు వెళ్లినవారు లేని వాడ అరుదు. ఊళ్లో ఉండే తల్లికి బటన్‌ ఫోన్‌ చాలు. ఇంటర్నెట్‌ ఆమెకు అక్కర్లేదు. దుబాయ్‌ నుంచో మస్కట్‌ నుంచో కొడుకు ఫోన్‌ చేస్తే ఎత్తి మాట్లాడడమే ఆమెకు కావలసింది. కానీ వ్యాలిడిటీ అయిపోయి కొన్ని రోజులు గడిస్తే ఆ ఇన్‌కమింగ్‌ కూడా ఆగిపోతుంది. కనుక బీడీలు చుట్టి సంపాదించిన డబ్బులోంచే ఆమె ఎన్నడూ వాడని డేటాకు కూడా కడుతూ వచ్చింది.

నిజానికి ఈ ఇన్‌కమింగ్‌ ‘జీవితాంతం’ ఉచితమని ఒకప్పుడు గోడల నిండా ప్రకటనలుండేవి. 2005 చివర్లో దాదాపు వెయ్యి రూపాయలకు ‘లైఫ్‌టైమ్‌’ కనెక్షన్లు వచ్చాయి. ఆ జీవితం ఎవరిదన్నది చిన్న అక్షరాల్లో ఉండేది. అది కొన్నవాడి జీవితం కాదు, కంపెనీకి లైసెన్సు ఉన్నంతకాలం! 2018 చివర్లో ఎయిర్‌టెల్‌, వొడాఫోన్‌ ఐడియా సంస్థలు 28 రోజులకు కనీసం 35 రూపాయల రీచార్జి నియమం తెచ్చినప్పుడు ఆ పాత కనెక్షన్లవారు కూడా అయోమయంలో పడ్డారు. ఖాతాలో డబ్బున్నవారిని వెంటనే తొలగించవద్దని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ అప్పుడు చెప్పవలసి వచ్చింది. నిత్యజీవం గురించి ప్రకటించే మనం ‘లైఫ్‌టైమ్‌’ అనే మాట ఇంత చవకగా వాడబడడం చూసి నవ్వుకోవాలో బాధపడాలో తెలియదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు కాల్స్‌కు ఎప్పటికీ చార్జీ ఉండదన్నారు. 2019 అక్టోబరులో ఇతర కంపెనీల నెంబర్లకు చేసే కాల్స్‌కు నిమిషానికి 6 పైసలు మొదలైంది. కంపెనీలు ఒకదానికొకటి చెల్లించుకునే చార్జీ ఇంకా రద్దు కాకపోవడమే కారణమని చెప్పారు, వసూలు చేసినదానికి బదులు అదనంగా డేటా ఇచ్చారు. 2021 జనవరి 1న ఆ చార్జీ రద్దయ్యాక 6 పైసలూ పోయాయి. కారణం సబబే కావచ్చు. కానీ ఉచితమని చెప్పి లోపలికి పిలిచాక వెల అడగడం బైబిల్‌ చదివేవారికి ఒక పాత సంగతిని గుర్తు చేస్తుంది. నయమాను కుష్ఠు నయమైనప్పుడు ఎలీషా కానుకలేవీ ముట్టుకోలేదు. దేవుని కృపకు వెల లేదని ఆ సిరియా సేనాధిపతి తెలుసుకోవాలని ప్రవక్త ఉద్దేశం. సేవకుడు గేహజీ మాత్రం రథం వెనక పరుగెత్తి, యజమానికి అవసరం పడిందని ఒక కథ అల్లి, వెండి, దుస్తులు తెచ్చుకుని దాచిపెట్టాడు (రెండవ రాజులు 5). అతను చేసిన నష్టం ఆ వెండి మాత్రమే కాదు. ఉచితమన్న మాట మీద నయమాను పెట్టుకున్న నమ్మకాన్నే అతను అమ్ముకున్నాడు.

ఇక చిల్లర కోతల సంగతి. పది రూపాయల టాప్‌అప్‌ చేయిస్తే ఖాతాలో పడేది 7 రూపాయల 47 పైసలు. 18 శాతం జీఎస్టీ కింద రూపాయి 53 పైసలు, ప్రాసెసింగ్‌ ఫీజు కింద రూపాయి పోతాయి. ఎస్సెమ్మెస్‌ ప్యాకులున్న రోజుల్లో మరో వింత ఉండేది. నెలంతా చవకగా పంపుకోవచ్చని ప్యాక్‌ అమ్మేవారు, తీరా అందరూ శుభాకాంక్షలు చెప్పుకునే పండుగ రోజుల్లో ఆ ప్యాక్‌ పనిచేసేది కాదు, ఒక్కో మెసేజ్‌కి మామూలు చార్జీ పడేది. అడగని కాలర్‌ట్యూన్లకు బ్యాలెన్స్‌ పోవడం ఎంత పెరిగిందంటే, అలాంటి సేవలకు వినియోగదారుడు రెండుసార్లు సమ్మతి తెలపాలని 2013లో ట్రాయ్‌ ఆదేశించింది.

28 రోజుల నెల మీద కూడా ఫిర్యాదులు వెళ్లాయి. 2022 జనవరి 27న ట్రాయ్‌ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాక్‌ ఒకటి, ప్రతి నెలా అదే తేదీన రీచార్జి చేసుకునే ప్యాక్‌ ఒకటి తప్పక ఉంచాలన్నది దాని సారం. 28 రోజుల ప్యాకులను తీసేయమని మాత్రం అనలేదు. 2024 డిసెంబరులో మరో మంచి పని జరిగింది. డేటా అక్కర్లేనివారికి కాల్స్‌, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని నియమం వచ్చింది. 2025 జనవరిలో కంపెనీలు వాటిని తెచ్చాయి. ఎయిర్‌టెల్‌ 1,849 రూపాయలకు 365 రోజులు ఇచ్చింది. జియో 1,748 రూపాయల ప్యాక్‌ గడువు 336 రోజులు. లెక్క చూడండి, సరిగ్గా పన్నెండు ఇరవై ఎనిమిదులు!

తెకోవ కాపరి ఆమోసు సరిగ్గా ఇలాంటి లెక్కనే పట్టుకున్నాడు. ఆయన కాలపు వర్తకులు భక్తిపరులే, నెలారంభపు పండుగనాడు, విశ్రాంతిదినాన దుకాణం మూసేవారు. కానీ పండుగ ఎప్పుడు గడుస్తుందా, గింజలు ఎప్పుడు అమ్ముదామా అని వారి ఆరాటం. కొలిచే పాత్రను కుదించి, డబ్బు తూచే రాయిని బరువు చేసి, తాలును కూడా గింజల్లో కలిపి బీదలకు అంటగట్టారు (ఆమోసు 8:4-6). వారు ధర పెంచలేదు. ధర అలాగే ఉంచి పాత్రను చిన్నది చేశారు. ధర పెరిగితే బజారులో నలుగురూ అరుస్తారు, పాత్ర తగ్గితే ఇంటికెళ్లి వండుకునేదాకా తెలియదు. దేవుడు ఆ పనిని వ్యాపారపు చాకచక్యంగా చూడలేదు, ఎన్నటికీ మరువనని ప్రమాణం చేశాడు.

మన దేశంలో ఫోన్‌ చార్జీలు ప్రపంచంలోనే చవకైనవాటిలో ఉన్నాయన్నది నిజం. ఆ మాట కంపెనీలు తరచూ చెబుతాయి, చెప్పుకోవడంలో తప్పులేదు. అయితే అంత చవకైన సరుకుకు సరైన నెల చెప్పి అమ్మడానికి ఇబ్బందేమిటి? యేసుప్రభువు తనను వెంబడించాలనుకున్నవారికి ఖర్చు ముందే చెప్పాడు. గోపురం కట్టేవాడు మొదట కూర్చుని లెక్క చూసుకోడా అని అడిగాడు (లూకా 14:28). ఆయన మాటల్లో చిన్న అక్షరాలు లేవు. అందుకే కొందరు వెనుదిరిగారు కూడా, అయినా ఆయన షరతు మార్చి పిలవలేదు.

మన సంఘాల్లో రీచార్జి దుకాణాలు నడిపే విశ్వాసులున్నారు. కమీషన్‌ ఎందులో ఎక్కువో వారికి తెలుసు, ఎదుట నిలబడ్డ ముసలమ్మకు ఏది చాలునో కూడా వారికే తెలుసు. కాల్స్‌కు మాత్రమే పనికొచ్చే ప్యాక్‌ ఒకటుందని ఆమె తనంతట తాను అడగలేదు, పేరు తెలియదు కనుక. ఆదివారం ఆరాధన ముగిశాక యవనస్థులు ఇద్దరు ఓ పావుగంట కూర్చుని సంఘంలోని విధవరాండ్ర ఫోన్లలో ఏ ప్యాక్‌ ఉందో, ఎన్ని రోజులకో, వాడని డేటాకు ఎంత పోతోందో కాగితం మీద రాసిస్తే చాలు. తర్వాతి రీచార్జికి ఆమె ఆ కాగితం పట్టుకునే దుకాణానికి వెళ్తుంది.