కరెంటు పోయినా టైము మరవని గడియారం

గాజువాక నుంచి ఎనిమిదో తరగతి పాఠకుడొకడు ఇలా అడిగాడు: "నేనూ, మా అన్నయ్యా కలిసి ఎలక్ట్రానిక్ గడియారం తయారుచేశాం. కరెంటు పోయి వస్తే అది మళ్ళీ పన్నెండు నుంచి మొదలుపెడుతున్నది. సూపర్ కెపాసిటరు పెట్టమంటున్నారు. హుద్‌హుద్ లాంటి తుఫాను వస్తే అది చాలుతుందా?"

మంచి ప్రశ్నే! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, చెబుతారు.

సూపర్ కెపాసిటరులో ఛార్జిని దాచేది బొగ్గు. కొబ్బరి చిప్పల బొగ్గు కూడా ఇందుకు పనికివస్తుంది. దానినిండా కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. అలాటి బొగ్గు ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే వెయ్యి చదరపు మీటర్లకు పైమాటే! అంటే ఏడెనిమిది కబడ్డీ కోర్టులంత చోటన్నమాట. ఆ గోడల మీదనే ఛార్జి చేరుతుంది.

ఇక లెక్క చూద్దాం. 1 ఫారడు, 5.5 వోల్టులు అని రాసి ఉన్న బిళ్ళను 5 వోల్టులదాకా నింపారనుకోండి. అది 2 వోల్టులకు దిగేలోగా 3 కూలుంబుల ఛార్జి ఇస్తుంది. టైము లెక్కపెట్టే చిప్పుకు ఆంపియరులో పదిలక్షలవ వంతు చాలుననుకుంటే, 30 లక్షల సెకన్లు నడుస్తుంది. అంటే 34 రోజులు! ఇది కాగితం మీది లెక్క. చిల్లికుండలో నీళ్ళలాగా ఛార్జి తనంతట తానే కొంత కారిపోతుంది గనక ఇందులో సగం కూడా దక్కకపోవచ్చు. అయినా తుఫాను నాలుగు రోజులూ గట్టెక్కవచ్చు.

అదే బిళ్ళతో 20 మిల్లీ ఆంపియర్ల దీపం వెలిగించబోతే? 150 సెకన్లు, రెండున్నర నిమిషాలు! అదీ పూర్తిగా రాదు. ఈ బిళ్ళలకు లోపలి నిరోధం ఎక్కువ. ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి చతికిలబడుతుంది. దీపానికి బ్యాటరీయే తగినది.

కాబట్టి బాబూ, అంకెలు చూపే దీపాలకు దీన్ని కలపకు. చిప్పుకే కలుపు. మధ్య ఒక డయోడు పెట్టు. లేకపోతే తక్కిన సర్క్యూటంతా ఛార్జిని తాగేస్తుంది. 2.7 వోల్టులని రాసి ఉన్నది చవకగా దొరికినా 5 వోల్టులకు కలపరాదు, పాడవుతుంది. ప్లస్సూ, మైనస్సూ సరిచూసుకో. బిళ్ళను వేడెక్కే భాగాలకు దూరంగా అమర్చు. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. గాజువాక ఎండలు నీకు తెలియనివా?