భూకంపము తెరచిన వంతెన

పొరుగువానిపై కినిసి సరిహద్దును మూయుటకు ఒక్క ఉత్తరువు చాలును. తెరచుటకు ఒక తరము చాలదు. 1915 నాటి నరమేధపు గాయము మానకమునుపే, 1993 లో టర్కీ అజర్‌బైజాన్ పక్షము వహించి ఆర్మీనియా సరిహద్దును మూసినది. సముద్రతీరము లేని ఆ చిన్న దేశపు సరకులు జార్జియా మీదుగా చుట్టు తిరుగవలసివచ్చినది. 2009 లో జ్యూరిచ్ నగరమున ఉభయ దేశముల విదేశాంగ మంత్రులు ఒడంబడికలపై సంతకములు చేసిరి. ఏ పార్లమెంటును వానిని ఆమోదింపలేదు. 2018 లో ఆర్మీనియా వానిని రద్దుచేసినది.

సంతకములు తెరువజాలని మార్గరా వంతెనను 2023 ఫిబ్రవరి భూకంపము తెరచినది. ముప్పది యేండ్లకు ఆర్మీనియా లారీలు టర్కీ బాధితులకు ఆహారము, మందులు గొనిపోయినవి. సామాన్య ప్రయాణికులకు మాత్రము ఆ యేడు దారి దొరకలేదు.

పొరుగిల్లు కూలినపుడు తెరువదగిన తలుపును, అది నిలిచియున్నపుడు మూసియుంచుట ఏమి రాజనీతి?