సీసా వచ్చింది... పీట ఏదీ?

కొత్త సంవత్సరమో, ప్రమోషనో, అల్లుడు అమెరికా నుంచి రావడమో... ఏదో ఒక వంకన మధ్యతరగతి ఇళ్లలోకి కూడా షాంపేను సీసా వస్తోంది. "ఇది తాగుడు కాదోయ్, కల్చర్!" అంటారు మగవాళ్లు. నిజమే, అదొక సంస్కృతే. కాకపోతే మనవాళ్లు అందులో సగమే తెచ్చుకున్నారన్నది నా ఫిర్యాదు.

షాంపేను పుట్టిల్లు ఫ్రాన్స్ ఈశాన్యాన ఉన్న షాంపేన్ ప్రాంతం. వైన్‌ని సీసాలోనే రెండోసారి పులియబెడతారు. ఆ గ్యాసు బయటికి పోయే దారిలేక వైన్‌లోనే కలిసిపోయి, మూత తీయగానే బుడగలై పొంగుతుంది. ఒకప్పుడు అది పానకమంత తీపి. భోజనం చివర మిఠాయితో పుచ్చుకునేవారు. భర్త పోయాక వ్యాపారం చేతబట్టిన లూయిజ్ పొమెరీ అనే ఆవిడ 1874లో తీపి బాగా తగ్గించిన 'బ్రూట్' రకాన్ని బజారులోకి తెచ్చింది. అలాంటి రకాల వల్లే షాంపేను మిఠాయి పళ్లెం వదిలి భోజనం పళ్లెం పక్కకి చేరింది. అంతకుముందు 1805లో, 27 ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న బార్బ్ నికోల్ క్లికో కూడా ఇలాగే వ్యాపారం నిలబెట్టింది. 'వవ్ క్లికో' సీసా మీది 'వవ్' అంటే విధవ అని అర్థం. మన దగ్గర తిట్టుగా వాడే మాట అక్కడ కంపెనీ పేరైంది!

ఇక ఏ తిండికి ఏది జోడీ అన్న సంగతి. ఆ సూత్రం మన వంటింటికి కొత్తదేం కాదు. ముద్దపప్పుకి పులుసు, బజ్జీకి నిమ్మకాయ పిండిన ఉల్లిపాయ ఎందుకు? నూనెనీ, కమ్మదనాన్నీ పులుపు విరుస్తుంది కనుక. బ్రూట్‌లోని పులుపూ, బుడగలూ చేసే పని అదే. అందుకే దాన్ని ఉప్పటి ఆల్చిప్పలతో, చీజుతో, వేయించిన చేపతో పుచ్చుకుంటారు. కేకుతో మాత్రం కుదరదు. జిలేబీ తిన్న నోటికి టీ చప్పగా ఉన్నట్టే, తీపి తిన్నాక బ్రూట్ వట్టి పులుపుగా తగులుతుంది. మన పార్టీల్లో కేకు కోసి మరీ పోసేది అదే! మిరపకారంతోనూ పొత్తు కష్టం. బుడగలూ, ఆల్కహాలూ కలిసి మంటని ఇంకా రేపుతాయి. గుంటూరు కారం కోడివేపుడుకి మన మజ్జిగే మేలు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. జోడీ కుదరాలంటే తిండీ, వైనూ ఒకే వేళకి ఒకే బల్ల మీద ఉండాలి కదా! ఆ బల్ల దగ్గర ఇంటావిడ కూడా కూర్చోవాలి కదా! మన దగ్గరో? హాల్లో వాళ్ల మందు, వంటింట్లో మన వేపుళ్లు. ఎనిమిదింటికి మొదలైన గ్లాసు పదకొండుకి ఆగాక "వడ్డించు" అని కేక. అప్పటికి నాలుగుసార్లు వెచ్చబెట్టిన కూర, కునికిపాట్లు పడే పిల్లలు, నకనకలాడే కడుపుతో ఇల్లాలు. సారా ప్యాకెట్టయినా, వేల రూపాయల సీసా అయినా ఆవిడ ఎదురుచూపు మాత్రం ఒక్కటే.

"అయితే ఆడవాళ్లనీ తాగమంటారా?" అని అడగకండి. మద్యం ఎంత కొంచెమైనా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. ఆ ఫ్రాన్సే 1991లో మద్యం ప్రకటనలకి చట్టంతో కళ్లెం వేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఎందుకు తిరగబడ్డారు? కూలి డబ్బు కంచంలోకి రాకుండా సారాకొట్టుకి పోతోందనే. 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో సడలించేశారు కానీ, సీసా కంచాన్ని మింగడం ఆగిందా?

తాగని ఇల్లు ఎప్పుడూ మేలే. తాగేవాళ్లు "కల్చర్" అంటే మాత్రం, ఆ కల్చర్‌లో భోజనం కూడా ఉందని గుర్తుచేద్దాం. ఎనిమిదిన్నరకి కంచాలు పెట్టాలి, అందరూ కలిసి కూర్చోవాలి, కంచం ఎత్తేటప్పుడే గ్లాసూ ఎత్తేయాలి. కాదంటారా? తొమ్మిది దాటితే వడ్డన లేదని చెప్పేద్దాం. వేడన్నం ఎవరికైనా వేళకే!