తీరమునకు పోవు దారులు

శీతకాలము రాగానే ఫ్లోరిడా రేవులనుండియు, పోర్టోరికోలోని శాన్ హువాన్ నుండియు కరేబియను సముద్రమునకు బయలుదేరు విహారనౌకలలో మన తెలుగు కుటుంబములును ఇప్పుడు విరివిగానే కానవచ్చుచున్నవి. న్యూజెర్సీ మంచునుండియో, షికాగో చలిగాలినుండియో నాలుగు దినములు తప్పించుకొనదలచి, పిల్లలతోను, స్వదేశమునుండి చూడవచ్చిన తల్లిదండ్రులతోను కూడి, ద్వీపమునకొక పగలు చొప్పున పంచిపెట్టుకొని చూచి వచ్చుట వీరికి పరిపాటియైనది. ఆ ద్వీపములలో బార్బడోస్ యొకటి. ఉదయమున నౌక బ్రిడ్జ్‌టౌన్ రేవును చేరును, సాయంకాలమునకు లంగరెత్తును. రేవు వాకిట వరుసదీరియున్న పెద్ద బస్సులు, ఎక్కినవారిని హారిసన్ గుహకును, అటుపిమ్మట ఒక రమ్ము బట్టీకిని, ఆ వెనుక అద్దె కుర్చీలు పరచిన యొక ఇసుకతీరమునకును త్రిప్పి, ఓడ కూత వేయు వేళకు మరల తెచ్చి దింపును. దింపబడినవారు బార్బడోస్ చూచితిమని చెప్పుకొందురు. వారు చూచినది బస్సు నిలిచిన చోట్లను మాత్రమేయని నా యభిప్రాయము. ఆ బస్సుకు చెల్లించు ధనముతోనే ఒక చిన్న కారును అద్దెకు తీసుకొని, తామే నడుపుకొనుచు, ఆ పగటిని తమ ఇచ్చవచ్చినట్లు గడుపుట మేలని చెప్పుటకే ఈ వ్యాసము.

ఇందులో సాహసమేమియు లేదు. ద్వీపము వైశాల్యము 431 చదరపు కిలోమీటర్లు. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఎటు తప్పిపోయినను ఒక గంటలోపల సముద్రము అడ్డుపడి నిలుపును. వాహనములు మనవలెనే ఎడమప్రక్కన నడచును గనుక, హైదరాబాదునుండి వచ్చిన తండ్రికి ఏ తొట్రుపాటును లేని కూడలిలో అమెరికాలో పదేండ్లు కారు నడిపిన కుమారుడు తటపటాయించుటయు, ప్రక్క సీటునుండి "ఎడమకురా, ఎడమకు" అను హెచ్చరిక వినబడుచుండుటయు జరుగును. స్వదేశపు లైసెన్సు చూపి, స్వల్ప రుసుము చెల్లించినచో సందర్శకులకు తాత్కాలికానుమతి లభించును. అద్దె కార్ల నంబరుపలకపై మొదటి అక్షరము హెచ్ అయియుండుటచే, పరదేశి వచ్చుచున్నాడని అచ్చటివారు దూరమునుండియే గుర్తించి, ఓపికతో దారి విడుతురు. విడిచినందులకు మీరు చేయి యెత్తినచో హారను ఒకసారి మృదువుగా మ్రోగించుట వారి మర్యాద. దారులు మాత్రము ఇరుకు. చెరకుతోటల గట్ల వెంబడి ఏర్పడిన బాటలకే తారు పోసినందున అవి వంకరలు తిరుగుచు, మనిషికంటె ఎత్తైన చెరకు నడుమ ఎదుటి బండి కానరాకుండ మలుపులు తీసికొనుచు, చోటుచోట గుంతలు పడియుండును. ఫోనులోని పటమును నమ్మినచో అది బండ్లబాటకు మళ్ళించిన మళ్ళించును. దానికంటె బస్సు స్తంభములను నమ్ముట మంచిది. ప్రతి స్తంభము మీదను ఆ వైపు బస్సు నగరమునకు పోవుచున్నదో, నగరమునుండి వచ్చుచున్నదో వ్రాసియుండును.

క్రికెట్టు నెరిగిన తెలుగువానికి రాజమార్గమే మొదటి దర్శనీయ స్థలము. టామ్ ఆడమ్స్, ఎరల్ బారో, గార్డన్ కమిన్స్ అను ముగ్గురు రాజకీయ నాయకుల ఇంటిపేర్ల మొదటి అక్షరములతో ఏబీసీ హైవే యని పిలువబడు ఆ మార్గమున కూడలికొక పేరుండును. ఒకటి గార్‌ఫీల్డ్ సోబర్స్‌ది, ఇంకొకటి ఎవర్టన్ వీక్స్‌ది. వోరెల్, వీక్స్, వాల్కాట్ అను ముగ్గురు క్రికెట్టు వీరులును ఈ చిన్న ద్వీపముననే పదునెనిమిది నెలల వ్యవధిలో జన్మించిరి. 1962లో ఇచ్చటి కెన్సింగ్టన్ ఓవల్‌లో బౌలరు గ్రిఫిత్ విసిరిన బంతి తగిలి మన జట్టు నాయకుడు నారీ కాంట్రాక్టరుకు కపాలము చిట్లినప్పుడు రక్తదానము చేసినవారిలో ఫ్రాంక్ వోరెల్ ఒకడు. 2024 జూన్ 29న భారతజట్టు దక్షిణాఫ్రికాను ఏడు పరుగుల తేడాతో ఓడించి టీ-ట్వంటీ ప్రపంచకప్పు గెలిచినదియు ఆ మైదానముననే. ఈ రెంటిలో రెండవదే మనవారందరికి తెలియును. మొదటిది తెలిసినవాడు ఆ మైదానపు ప్రక్కగా కారును కొంత నెమ్మదిగానే నడుపును.

ఆ రాజమార్గముననే మరియొక కూడలియందు, తెగిన సంకెళ్ళు వ్రేలాడుచున్న చేతులు రెండును ఆకాశమున కెత్తి నిలిచిన ఒక మనుష్యుని విగ్రహము కలదు. కార్ల్ బ్రూడ్‌హేగన్ అను శిల్పి చేసిన ఆ విమోచన విగ్రహమును 1985లో ప్రతిష్ఠించిరి. 1816లో ఈస్టరు పర్వదినమున బానిసల తిరుగుబాటు నడపిన బుస్సా యని ప్రజలు దానిని పిలుతురు. అచ్చటికి కొలది దూరముననే, చెరకు పొలముల నడుమ, న్యూటన్ అను పూర్వపు తోటలో బానిసలను పాతిపెట్టిన నేల యున్నది. అచ్చటి సమాధులపై శిలాఫలకములు లేవు. అది రాతినేలయై సేద్యమునకు పనికిరానందుననే శవములకు విడిచిరి. సుమారు 570 మంది అచ్చట నిద్రించుచున్నారని 1970ల నాటి త్రవ్వకముల వలన తేలినది. ఆ సమాధులలో ఒకదానియందు ఒక వృద్ధుని కంఠమున గవ్వలతోను, కుక్క కోరలతోను, గాజుపూసలతోను కూర్చిన హారమొకటి దొరికినది. అందులోని ఎర్రని కార్నీలియను పూస బహుశః మన గుజరాతులోని ఖంభాతునుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. ఏ వర్తకుల చేతులు మారి, ఏ యాఫ్రికా రేవున ఎవరి మెడకు చేరి, ఏ ఓడలో ఈ ద్వీపమునకు దిగెనో ఎవరు చెప్పగలరు? పెద్ద బస్సులలో నెక్కువభాగము ఇచ్చట ఆగవు. అమ్ముటకేమియు లేని చోట అవి యేల ఆగును?

1627లో ఆంగ్లేయులు ఇచ్చట నివాసమేర్పరచుకొనిరి. 1640ల నుండి చెరకు ద్వీపమునంతను ఆక్రమించినది. 1661లో ఇచ్చటి శాసనసభ చేసిన బానిస చట్టమును చూచి జమైకాయు, దక్షిణ కరొలైనాయు తమ చట్టములను వ్రాసికొనినవి. మొదట చెరకు నాటిన దొరలలో నొకడగు జేమ్స్ డ్రాక్స్ వంశమువారి చేతిలోనే డ్రాక్స్ హాల్ తోట ఇప్పటికిని ఉన్నది. బానిసత్వ విమోచనానంతరము ట్రినిడాడ్‌కును, బ్రిటిష్ గయానాకును కలకత్తానుండియు మద్రాసునుండియు కూలీల ఓడలు పోయినవి. మద్రాసు ఓడలలో తెలుగువారును ఉండిరి. బార్బడోస్‌కు అట్టి ఓడ రావలసిన యవసరమే కలుగలేదు. కారణము సులభము. ట్రినిడాడ్‌లోను గయానాలోను ఖాళీనేల యున్నది గనుక విముక్తులు తోటలను విడిచిపోగలిగిరి. ఇచ్చట గజము నేలయైనను తోటలవారి చేతులలోనిదే గనుక విముక్తుడు పోవుటకు చోటు లేక, నిన్నటి వరకు బానిసగా నరికిన చెరకునే నేడు కూలికి నరికెను. అతనికి గుడిసె వేసికొనుటకు స్థలమిచ్చిరి గాని, ఆ తోటలో పని చేసినంతకాలమే ఆ స్థలము. పని మానినచో ఇల్లు ఎత్తవలసినదే. అందుచేతనే దారి పొడవున మీకు కానవచ్చు ఆ చిన్న కొయ్యయిండ్లు, చాటెల్ హౌస్‌లు, పునాది లేక, పేర్చిన రాళ్ళ మీద నిలువబెట్టబడి, పలకలు పలకలుగా ఊడదీసి బండిమీద వేసికొనిపోవుటకు అనువుగా కట్టబడినవి. ఏటవాలు కప్పు, నడుమ తలుపు, ఇరుప్రక్కల సరిసమానముగా కిటికీలు, వానికి పచ్చరంగో గులాబిరంగో. చూచినవారు ముచ్చటపడి ఛాయాచిత్రము తీసికొందురు. ఆ ముచ్చట వెనుక నేల లేనితనమున్నది. ఆ నివాసస్థలములను కౌలుదారులు కొనుక్కొనుటకు హక్కు కల్పించిన చట్టము 1980లో గాని రాలేదు.

ఇంత చెప్పుటకు కారణము తీరమే. నేలయంతయు దొరలదైన ఈ ద్వీపమున ఏ కూలివాడైనను ఎవరి యనుమతియు అడుగక పడుకొనదగిన నేల సముద్రపుటొడ్డున ఉన్న ఇసుక యొక్కటే. నేటికిని పోటుగీత వరకు గల తీరమంతయు ప్రజలదే. ఎంతటి హోటలైనను తన యెదుట ఇసుకమీద తుండు పరచుకొన్నవానిని లేపలేదు. కుర్చీ హోటలుది, ఇసుక అందరిది. ఇది చాల గొప్ప నియమమని నేను తలంతును. అయితే తీరము అందరిదియై, తీరమునకు పోవు దారి ఎవరిదో యైనచో, ఆ హక్కు కాగితమున మిగులును. పశ్చిమతీరమున నిదియే జరుగుచున్నది. హోల్‌టౌన్ మీదుగా ఉత్తరముగా పోవు రహదారి సముద్రమును ఆనుకొనియే పోవును. ఐనను మైళ్ళ తరబడి మీకు కానవచ్చునది ధనికుల భవనముల గోడలును, తోటల కంచెలును, కాపలావాండ్ర గదులును. ఒకప్పుడు రెండిండ్ల నడుమ సందులలోనుండి నీలిజలము మెరయుచుండెడిదనియు, ఆ సందులొక్కటొక్కటే మూసికొనిపోవుచున్నవనియు ద్వీపవాసులు వాపోవుచున్నారు. మిగిలిన సందులు రెండు గోడల నడుమ ఒక మనిషి పట్టునంత వెడల్పున ఉండును. పెద్ద బస్సు వానియొద్ద ఆగజాలదు. చిన్న కారు ఆగగలదు. ఆపి, దిగి, ఆ సందులో నడచి ఇసుకకు చేరుడు. నడచువాడు లేని బాటను మూయుట సులభము. నిత్యము నడచు బాటకు గేటు పెట్టుటకు ఎంతటివాడైనను సంకోచించును. ఆ తీరమున ఎర్రరంగు పట్టీ పూసిన చెట్లు కానవచ్చినచో వాని నీడకు పోకుడు, వానవచ్చినను క్రింద నిలువకుడు. అవి మాంచినీల్ చెట్లు, ఆకునుండి జారిన చుక్క తగిలినను చర్మము పొక్కును, చిన్న ఆపిలువంటి వాని కాయ విషము.

తూర్పుతీరమున ఇట్టి గోడలు లేవు. అట్లాంటిక్కే కావలి కాయుచున్నది. పొరుగుద్వీపములవలె అగ్నిపర్వతములనుండి పుట్టక, సముద్రగర్భపు మట్టిపొరల మీద పగడపు సున్నపురాయి కప్పుగా ఏర్పడిన ఈ ద్వీపమున ఆ కప్పు ఈశాన్యభాగమున కరగిపోయి, క్రింది మట్టి బయటపడి, స్కాట్లండ్ మండలమని పిలువబడు కొండలు తేలినవి. మహోగని చెట్ల గుబురులోనుండి చెర్రీ ట్రీ హిల్ మీదికి కారు వచ్చినప్పుడు, తూర్పుతీరమంతయు ఒక్కసారిగా కాళ్ళక్రింద పరచుకొనును. కొండదిగు దారిలో చెరకు గానుగలు త్రిప్పిన మోర్గన్ లూయిస్ గాలిమర నిలిచియున్నది. ఇంకను దక్షిణముగా పోయినచో బాత్‌షీబా. అడుగుభాగమును అలలు కొరికివేయగా పుట్టగొడుగులవలె నిలిచిన బండలచ్చట తీరము పొడవున కానవచ్చును. అలలమీద పలకలతో తేలు సాహసికుల కది స్వర్గము. ఈత వచ్చిన మాత్రమున మనవారు దిగదగిన నీరు కాదు. పిల్లలకు నీరు కావలెనన్నచో పగడపు దిబ్బ అలలను ఆపు బాత్ తీరమునకు పోవలెను. ఆదివారములందు ద్వీపవాసుల కుటుంబములు అన్నపు గిన్నెలతో అచ్చటనే చేరును. 2011 నుండి కొన్ని ఋతువులలో సర్గాసమ్ అను సముద్రపు నాచు గుట్టలుగా కొట్టుకొనివచ్చి ఈ తీరమున కుళ్ళుచున్నది గనుక, ముందుగా విచారించుకొనుట మంచిది.

ఇంత చిన్న ద్వీపమున ప్రతి యాత్రికుడును ఒక కారు తీసినచో దారులేమి కావలెనని అడుగువారి మాటయందు న్యాయమున్నది. సాయంకాలము ఏబీసీ హైవే మీద చిక్కుకొన్నవాడు ఆ న్యాయమును ఎక్కువగా గ్రహించును. బస్సు నడుపువాడును ద్వీపవాసియే గదా, వాని పొట్ట కొట్టుదురా యనుటయు కాదనదగినది కాదు. కుటుంబమునకొక కారు చాలును. ఒంటరివాడు, చేయి నమ్మకము లేనివాడు, ప్రభుత్వపు నీలి బస్సునో పసుపు మినీబస్సునో ఎక్కవచ్చును. ద్వీపమున ఏ మూలకైనను మూడున్నర బార్బడోస్ డాలర్లు, అనగా దాదాపు ఒకటి ముప్పాతిక అమెరికా డాలర్లు. పాఠశాలపిల్లలతోను, అంగడినుండి వచ్చు అమ్మలతోను కూర్చుండి పోవు ఆ ప్రయాణము నా దృష్టిలో కారుకంటెను మిన్న. నా వాదము కారు కొరకు కాదు. ఎవరో నిర్ణయించిన ఆగుచోట్లకు వ్యతిరేకముగా మాత్రమే.

భోజనమునకు రేవులోని దుకాణములను విడిచి, ప్రతి పల్లె కూడలియందు రంగులు పూసియుండు రమ్ము షాపుకు పొండు. పేరు చూచి మన ఆడవారు సంకోచింపనక్కరలేదు. అది సారాయంగడి యెంతయో, పల్లె రచ్చబండయు అంతయే. వేయించిన చేపముక్కను ఉప్పురొట్టెలో పెట్టి మిరపకాయ కారముతో ఇచ్చు కట్టరు మన నాలుకకు వెంటనే నచ్చును. శాకాహారికి అందులోనే జున్ను పెట్టి ఇత్తురు. స్టీరింగు పట్టినవాడు రమ్ము ముట్టక, చెట్టు బెరడు కాచి చేయు వగరు చేదుల మౌబీతో తృప్తిపడవలెను. నౌకకు మరలువేళ ఏబీసీ హైవేను వదలి ఒయిస్టిన్స్ మీదుగా దక్షిణతీరపు దారిని పట్టుట మంచిది. శుక్రవారమైనచో అచ్చట చేపలు కాల్చువారి పొయ్యిలు అప్పుడే రాజుకొనుచుండును గనుక, రద్దీ మొదలుకాకముందే దాటిపోవుడు. కారు తిరిగి అప్పగించుటకు ముందు పెట్రోలు నింపుట మరువరాదు.