బయానా ఇచ్చే ముందు గుర్రాన్ని చీకట్లో నడిపించండి

పెళ్ళి ఊరేగింపులకు తిప్పుకోవడానికో, ఇంటి ముందు కట్టుకునే ముచ్చటకో చుక్కల గుర్రం కొనాలనుకునే వేంపల్లె చుట్టుపక్కల వాళ్ళకు ఒకే మాట: పశువైద్యుడు చూడకముందు, రక్తపరీక్ష ఫలితం చేతికి రాకముందు రూపాయి కూడా బయానా ఇవ్వకండి. ఫోనులో వీడియో చూసి డబ్బు పంపడం అసలే వద్దు.

అమ్మేవాళ్ళు అప్పలూసా అంటారు. అది అమెరికా వాయవ్య ప్రాంతంలో నెజ్ పెర్స్ తెగవాళ్ళు పెంచిన జాతి. దాని రిజిస్ట్రేషన్ సంఘం 1938 నుంచీ ఉంది. ఆ పేరు మీద ధర అడిగేవాళ్ళు వంశపత్రం చూపించాలి. మన దగ్గరికి మచ్చలతో వచ్చేవి చాలామటుకు మార్వాడీ, కాఠియావాడీ రక్తం కలిసినవే. ఒంటి మీద పెద్ద పెద్ద తెల్ల పట్టీలుంటే అబ్లక్ అంటారు. అవీ మంచి గుర్రాలే, వాటి ధరకు వాటిని కొనుక్కోవచ్చు. కాగితం లేని పేరుకు మాత్రం లక్షలు పోయకండి.

చుక్కలు నిజమైనవేనా అన్నది తర్వాతి సంగతి. 2022లో పంజాబ్‌లోని సునామ్‌లో ఒక వ్యాపారి అరుదైన నల్ల మార్వాడీ అనుకుని 22 లక్షల పైచిలుకుకు గుర్రాన్ని బేరమాడాడు. ఇంటికి తెచ్చి కడిగితే నల్లరంగు కారిపోయి ఎర్ర గుర్రం బయటపడింది. ఒళ్ళంతా నల్లగా పులిమినవాళ్ళకు నాలుగు చుక్కలు పెట్టడం ఎంతసేపు? షాంపూతో కడిగించండి, తెల్లగుడ్డతో రుద్దండి. గట్టి రంగులు నీళ్ళకు పోవు కాబట్టి అంతటితో ఆగకండి. చుక్క దగ్గర వెంట్రుకలను వేళ్ళతో పాయ తీసి అడుగున చర్మం చూడండి. పుట్టుచుక్క కింద సాధారణంగా చర్మం కూడా నల్లగానే ఉంటుంది. చుట్టూ ఉన్నట్టే అక్కడా గులాబీరంగు చర్మముండి, వెంట్రుకల మొదళ్ళు తెల్లగా ఉంటే అనుమానించాల్సిందే.

అన్నిటికంటే భయపెట్టేది కంటిచూపు. చిరుతపులి మచ్చల్లాంటి చుక్కలనిచ్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే ఆ గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి. పగలు చక్కగా నడుస్తుంది, చీకటి పడితే చూపుండదు. ఒళ్ళంతా తెల్లగా ఉండి అక్కడక్కడ కొన్నే చుక్కలున్నవి ఎక్కువగా ఈ కోవలోవి. పెళ్ళివాళ్ళు మోజుపడేదీ వాటి మీదే. మన ఊరేగింపులు రాత్రిళ్ళు. ముందు బ్యాండు, పక్కన టపాకాయలు, జనరేటరు లైట్ల వెలుగు దాటితే కటిక చీకటి, గుర్రం మీద పెళ్ళికొడుకు, అతని ముందు ఓ పసివాడు. ఆ గుర్రం బెదిరి జనంలోకి దూకితే పట్టేవాడెవడు? అందుకే బేరం పగలు చేసినా, పొద్దుగూకాక దానికి కొత్తదైన చోట దాన్ని నిదానంగా నడిపించి చూడండి. తడబడినా, అడుగు వెయ్యనని మొరాయించినా వదిలెయ్యండి. రేచీకటి కాక, కంటి లోపల మాటిమాటికీ వాపు వచ్చి చివరికి చూపు పోగొట్టే జబ్బు కూడా అప్పలూసాలకు ఎక్కువ. కన్ను మసకగా ఉన్నా, ఊరికే నీరు కారుతున్నా డాక్టరుకు చూపించాలి.

ఇక గ్లాండర్స్. దీనికి టీకా లేదు. మనుషులకూ అంటుతుంది, ప్రాణం తీస్తుంది. ముక్కులోంచి పచ్చని జిగట చీమిడి, ముక్కు లోపల పుండ్లు, దవడ కింద గడ్డలు, కాళ్ళ మీద వరసగా కంతులు పగిలి కారడం దీని గుర్తులు. ఏ గుర్తూ పైకి కనబడకుండా జబ్బు మోసే గుర్రాలూ ఉంటాయి కనకనే రక్తపరీక్ష తప్పదు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో నిర్ధారణ చేస్తారు. జబ్బు తేలితే 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద ఆ గుర్రాన్ని చంపెయ్యాలి. ఫలితం రావడానికి రోజులు పడుతుంది, అమ్మేవాడు తొందరపెడతాడు. ఆగలేనంటే పోనివ్వండి.

నొప్పి తెలియని ఇంజెక్షన్ వేసి కుంటిని కప్పిపెట్టే మోసం కూడా ఉంది. గట్టి నేల మీద దుడుకు నడకలో తల ఎగరేస్తుందేమో గమనించండి, రెండు మూడు రోజుల తర్వాత చెప్పకుండా వెళ్ళి మళ్ళీ నడిపించండి. వయసు పళ్ళను బట్టి డాక్టరు చెబుతాడు. మనవాళ్ళు శుభమా అశుభమా అని సుడులు చూస్తారు, చూసుకోండి. కానీ అవి ఎక్కడెక్కడ ఉన్నాయో రసీదులో రాయించి, ఫొటోలు తీసి పెట్టుకోండి, గుర్రాన్ని మార్చేస్తే పట్టించేవి అవే.

ఇప్పటికే కొనేసి ఉంటే గుర్రాన్ని వేరే పశువులకు దూరంగా కట్టండి, దాని బక్కెట్టు, గమేళా వేరుగా ఉంచండి, చీమిడి ఉంటే వట్టి చేతులతో తుడవకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. ఈరోజే 1962కు ఫోన్ చేసి గ్లాండర్స్ పరీక్షకు రక్తం తీయించమని అడగండి. కంటి, కాలి పరీక్షలకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలను అడగవచ్చు. ఫలితం వచ్చేదాకా ఏ ఊరేగింపుకూ ఒప్పుకోకండి, తీసుకున్న అడ్వాన్సులు తిరిగిచ్చెయ్యండి.